తక్కువైంది సరే, ఎంత తక్కువైంది?

మా అమ్మ బీడీ బుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది. అట్ట చిరిగిపోతే పాత క్యాలెండర్ కాగితం పెట్టి సూదీదారంతో కుట్టుకుంది. ఏ రోజు ఎంత ఆకు, ఎంత తంబాకు తీసుకుందో, ఎన్ని బీడీలు చుట్టి ఇచ్చిందో అందులో రాసిస్తారు. 2021 ఆగస్టు వరకు ఏ పేజీ తిప్పినా 700, 680, 720. సెప్టెంబరులో పంతొమ్మిది రోజులు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక రోజు 120. మరుసటి రోజు 90. దాని కింద మళ్లీ ఖాళీ.

ఆ పంతొమ్మిది రోజులు చికున్‌గున్యా. జ్వరం నాలుగో రోజుకే దిగింది. ప్లేట్‌లెట్లు పడిపోలేదు, ఆసుపత్రిలో చేర్చే అవసరం రాలేదు. వాడకట్టులో అందరూ "నీకు జల్దిన్నే తక్కువైంది" అన్నారు. మా దిక్కు జబ్బు నయమైంది అనరు, తక్కువైంది అంటారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. ఎంత తక్కువైంది, ఇంకా ఎంత మిగిలింది అని అడగడానికి అందులోనే చోటుంది. అడిగేవాళ్లే లేరు.

నేను హన్మకొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పద్నాలుగేళ్లుగా రక్తం తీయడం, పరీక్ష చేయడం, రిపోర్టు ఇవ్వడం నా పని. మా ఊరు కోరుట్ల దగ్గర. ఆ డిసెంబరులో అమ్మను నా దగ్గరికి తీసుకొచ్చాను. కరీంనగర్‌లో బస్సు మారేటప్పుడు ఆమె కడ్డీ పట్టుకుని దిగలేకపోయింది. మణికట్టు మీద బరువు పడితే ప్రాణం గిలగిలలాడుతోందని, మోచేయిని కడ్డీకి మెలేసి, ఒక్కో మెట్టూ దిగింది. వెనక జనం తోసుకుంటున్నారు.

ఆమె రక్తం నేనే తీశాను. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్, ఒంట్లో వాపు, కీళ్లవాతం ఉన్నాయేమో చూసే పరీక్షలన్నీ చేశాను. అన్నీ నార్మల్. డాక్టర్ గారు రిపోర్టు చూసి, "ఏం లేదమ్మా, అంతా బాగానే ఉంది. వయసు కదా, కాల్షియం రాస్తాను" అన్నారు. బయటికొచ్చి మెట్లు దిగుతూ అమ్మ ఆగిపోయింది.

"ఏం లేదంటున్నడు గద బిడ్డా, మరి పొద్దుగాల నా ఏళ్లు ఎందుకు ముడుసుకుంటలెవ్వు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రిపోర్టు ప్రింట్ తీసింది నేనే.

ఆ డాక్టర్‌ను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన ముందు ఒక కాగితం ఉంది, గది బయట ముప్పై మంది ఉన్నారు. నేను అనేది వేరు. జ్వరం వచ్చిన రోజు మనిషి పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ రాసుకుంటాం. జ్వరం దిగగానే ఆ మనిషిని మర్చిపోతాం. ఆరు నెలలకు, ఏడాదికి, మూడేళ్లకు ఎలా ఉన్నారో అడిగి రాసుకోవాలి. అలా రాసుకోనంత కాలం 'వయసు' అనే మాటను ఒప్పుకోవడానికీ ఆధారం ఉండదు, కాదనడానికీ ఆధారం ఉండదు.

ముందు నా పని గురించే చెప్తాను. చికున్‌గున్యాకు మేం చేసే ఐజీఎం పరీక్ష ఆ వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను పట్టుకుంటుంది. జ్వరం వచ్చిన కొన్ని రోజులకు పాజిటివ్ అవుతుంది, కొన్ని నెలల దాకా అలా ఉండొచ్చు. ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ అయితే ఏళ్ల తరబడి ఉంటుంది. అంటే ఈ పరీక్షలు 'వైరస్ వచ్చింది' అని చెప్తాయి, 'మనిషి కోలుకుంది' అని చెప్పవు. కోలుకోవడాన్ని కొలిచే ట్యూబు మా ల్యాబులో ఏదీ లేదు. ఇన్నేళ్లు పనిచేసి కూడా ఆ సంగతి మా అమ్మ మెట్ల మీద ఆగిన రోజు వరకు నాకు తట్టలేదు.

అప్పటి నుంచి రాత్రుళ్లు ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. చదువుతూ చదువుతూ లైమ్ వ్యాధి దగ్గర ఆగాను. మన దగ్గర పెద్దగా కనిపించే జబ్బు కాదది. అమెరికాలో, యూరప్‌లో అడవుల్లో, గడ్డిలో ఉండే ఒక రకం పిడుదు కుడితే వస్తుంది. మన పశువులకు పట్టే గోమార్ల జాతి వేరు, వాటి వల్ల లైమ్ వస్తుందని భయపడాల్సిన పని లేదు. చికున్‌గున్యాను దోమ తెస్తుంది, అది వైరస్. లైమ్‌ను తెచ్చేది బొరీలియా అనే బ్యాక్టీరియా, చూడ్డానికి స్ప్రింగులా మెలి తిరిగి ఉంటుంది. కుట్టిన చోట చాలామందికి ఎర్రటి మచ్చ లేచి రోజురోజుకూ పెద్దదవుతుంది. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ రెండు మూడు వారాలు వాడితే ఎక్కువమందికి పూర్తిగా తగ్గిపోతుంది. కానీ నూటికి అయిదు నుంచి పది మందికి ఆరు నెలలు దాటినా నీరసం, ఒళ్లు నొప్పులు, మనసు నిలవకపోవడం మిగిలిపోతాయి. యాంటీబాడీలు మాత్రం తగ్గినవాళ్లలోనూ తగ్గనివాళ్లలోనూ ఏళ్ల పాటు కనిపిస్తూ ఉండొచ్చు. అక్కడ కూడా రక్తపరీక్ష కోలుకోవడం గురించి ఏమీ చెప్పదు.

రెండు జబ్బులూ వేరు. ఆ మనుషులు అడిగే ప్రశ్న మాత్రం మా అమ్మ అడిగిందే.

లైమ్ అనేది అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ఊరి పేరు. అక్కడ పాలీ మర్రే అనే ఒక ఇల్లాలి ఇంట్లో ఆమెకు, భర్తకు, పిల్లలకు ఏళ్ల తరబడి కీళ్ల వాపులు, దద్దుర్లు. ఎన్ని ఆసుపత్రులు తిరిగినా తేలలేదు. ఆమె ఎవరికి ఎప్పుడు ఏం వచ్చిందో రాసుకుంటూ పోయింది. చుట్టుపక్కల ఇళ్ల పిల్లల్లో కూడా అదే కనిపిస్తుంటే వాళ్లవీ రాసుకుంది. 1975లో ఆమె, అదే ప్రాంతంలో ఇంకో తల్లి జూడిత్ మెన్ష్ ఎవరికి వారు ఆరోగ్య శాఖకు చెప్పారు. యేల్ విశ్వవిద్యాలయం నుంచి అలెన్ స్టీర్ అనే యువ డాక్టర్ వచ్చి ఇల్లిల్లూ వెతికాడు. 51 మంది తేలారు, అందులో 39 మంది పిల్లలు. 1977లో ఆ వివరాలు అచ్చయ్యాయి. బ్యాక్టీరియా దొరకడానికి ఇంకో నాలుగైదేళ్లు పట్టింది. అంటే సూక్ష్మజీవి ఏదో తెలియకముందే, రాసుకున్న కాగితాల వల్ల ఒక జబ్బు ఉందని ప్రపంచానికి తెలిసింది.

అది చదివిన రాత్రే అమ్మకు ఫోన్ చేసి బీడీ బుక్కు పారేయకు అని చెప్పాను.

లైమ్ నుంచి కోలుకోవడం గురించి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జాన్ ఆకాట్ బృందం చేసిన పని నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. మచ్చ ఉన్నప్పుడే మనుషులను చేర్చుకుని, మందు అయిపోయాక కూడా వదలకుండా నెలల తరబడి పిలిచి చూశారు. నొప్పి ఎంత, నిద్ర ఎలా ఉంది, ఏ పని చేయగలుగుతున్నారు అని ప్రతిసారీ అవే ప్రశ్నలు అడిగారు. ఇబ్బందులు మిగిలిపోయినవాళ్ల మీద 2017లో ఇదే బృందం ఇచ్చిన వివరాల్లో ఒక సంగతి ఉంది. డాక్టర్ ఒళ్లు పరీక్షించినా, మామూలు రక్తపరీక్షలు చేసినా పెద్దగా తేడా కనిపించలేదు. అడిగిన ప్రశ్నల జవాబుల్లో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. నా ల్యాబులో అమ్మకు జరిగింది అదే. రిపోర్టు తప్పు కాదు, అమ్మ చెప్పింది కూడా తప్పు కాదు. రిపోర్టును మనం అడగకూడని ప్రశ్న అడిగాం.

ఆ బృందం ఇంకో పని చేసింది. అసలు లైమ్ రానివాళ్లను కూడా చేర్చుకుని, వాళ్లనూ అవే ప్రశ్నలు అడిగింది. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం, జబ్బు వచ్చి మందు వాడినవాళ్లలో సుమారు 14 శాతం మందికి ఇబ్బందులు, పని తగ్గిపోవడం మిగిలాయి. జబ్బే రానివాళ్లలో అది 4 శాతం. ఆ 4 శాతాన్ని నేను చాలాసేపు చూశాను. జబ్బు రాకపోయినా మనుషులకు నొప్పులుంటాయి, నీరసం ఉంటుంది. వయసు ఉంటుంది. డాక్టర్ గారు అన్న 'వయసు' ఆ 4లో ఉంది. మిగతా 10 వయసు కాదు. ఆ రెంటినీ విడదీసి చూపించడానికి ఒకటే దారి: జబ్బు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పక్కపక్కన పెట్టి, ఏళ్ల పాటు అడగడం.

"ఏళ్ల తరబడి అడిగితే ఒరిగేదేంటి, మందు లేనప్పుడు?" అని మా సెంటర్‌లోనే ఒక సీనియర్ అన్నారు. ఆయన అన్నది కొట్టిపారేసే మాట కాదు. చికున్‌గున్యాకు ఈ రోజుకీ వైరస్‌ను చంపే మందు లేదు. పారాసిటమాల్, నీళ్లు, విశ్రాంతి, అంతే. కానీ అడగకపోతే ఏమవుతుందో చూడండి. 2006లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో చికున్‌గున్యా వచ్చి, జనాభాలో మూడో వంతు మంది మంచాన పడ్డారు. కీళ్ల నొప్పులకు, మలేరియాకు వాడే క్లోరోక్విన్ పనిచేస్తుందని చాలామంది డాక్టర్లు నమ్మారు. అక్కడ కొందరికి ఆ మందు, కొందరికి ఉత్తి బిళ్ల ఇచ్చి చూశారు. జ్వరం రోజుల్లో తేడా లేదు. 200 రోజుల తర్వాత మళ్లీ అడిగితే, క్లోరోక్విన్ వేసుకున్నవాళ్లే కీళ్ల నొప్పులు ఎక్కువగా ఉన్నాయన్నారు. రెండు వారాలకే ఫైలు మూసేసి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

లైమ్‌లోనూ అంతే. నొప్పులు తగ్గనివాళ్లకు నెలల కొద్దీ యాంటీబయాటిక్ ఇవ్వాలన్న వాదన అక్కడ చాలా బలంగా ఉండేది. 2001లో అమెరికాలో క్లెంప్నర్ అనే డాక్టర్ బృందం 129 మందిని తీసుకుని సగం మందికి 30 రోజులు నరానికి, 60 రోజులు నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇచ్చింది. మిగతా సగానికి మందు లేని ఉత్తి సూది, ఉత్తి బిళ్ల. 180 రోజులకు చూస్తే, రక్తంలో యాంటీబాడీలు ఉన్నవాళ్లలో అసలు మందు తీసుకున్నవాళ్లలో 37 శాతం మంది మెరుగయ్యారు, ఉత్తిది తీసుకున్నవాళ్లలో 40 శాతం మంది. నొప్పి నిజం. ఆ మందు మాత్రం దానికి మందు కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని మనవాళ్లకు చెప్పేవాళ్లు కావాలి. ఎందుకంటే మన ఊళ్లలో 'ఏం లేదు' అనిపించుకున్న మనిషి ఊరికే కూర్చోదు. ఇంకో చోటికి పోతుంది.

మా అమ్మ కూడా పోయింది, నాకు చెప్పకుండా. ఊళ్లో ఆరెంపీ దగ్గర వారానికో సూది. సూది పడ్డ రోజు వేళ్లు ముడుచుకునేవి, బుక్కులో ఆ రోజు 400 ఉంది. నాలుగో రోజుకు మళ్లీ 150. ఆ సూది ఏంటో నాకు ఖాళీ సీసా చూస్తే అర్థమైంది, స్టెరాయిడ్. రెండు నెలలకు మొహం ఉబ్బింది, షుగర్ 240కి పోయింది. స్టెరాయిడ్ చెడ్డ మందని అనడం లేదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నది చూసుకుని డాక్టర్లు ఇస్తారు. కానీ ఆమెకు ఎవరైనా ముందే కూర్చోబెట్టి, "ఈ నొప్పి కొందరికి ఏడాది, కొందరికి అంతకంటే ఎక్కువ ఉంటుంది, చాలామందికి మెల్లగా తగ్గుతుంది" అని చెప్పి ఉంటే, ఆ సూదికి పోయేది కాదని నా నమ్మకం. ఆ మాట చెప్పాలంటే ఎందరికి ఎన్నాళ్లు ఉంటుందో తెలియాలి. దక్షిణ అమెరికాలోని కొలంబియాలో చికున్‌గున్యా వచ్చిన సుమారు 500 మందిని అడిగితే 20 నెలల తర్వాత కూడా నాలుగో వంతు మందికి కీళ్ల నొప్పులున్నాయని తేలింది. మా ఊళ్ల లెక్క మాత్రం నాకెక్కడా దొరకలేదు. 2006లో మన దేశంలో 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదైతే, అందులో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రానివీ చాలా ఉన్నాయి. నాకు బాగా గుర్తు, మా వాడకట్టులో ఇంటికొకరు నడుం వంచుకుని గోడలు పట్టుకుని నడిచేవాళ్లు. చికెన్ తింటే వస్తుందని కోడికూర కూడా మానేశారు. టాంజానియాలో 1952లో ఈ జబ్బు కనిపించినప్పుడు అక్కడి మకొండే భాషలో పెట్టిన పేరుకు అర్థమే వంగిపోవడం. మా వాడకట్టులో అలా వంగిపోయినవాళ్లలో ఎందరు తిరిగి నిటారుగా నిలబడ్డారో ఎక్కడైనా రాసి ఉందా?

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను న్యాయంగా మాట్లాడినట్టు కాదు. మా ఎదురింటి చిన్నమ్మకు కూడా అదే ఏడు జ్వరం వచ్చింది. వేళ్ల నొప్పులంటే "గున్యా నొప్పులే, నాకూ ఉన్నయ్" అని అమ్మే ధైర్యం చెప్పింది. రెండేళ్లకు ఆమె వేళ్లు ఒక పక్కకు వంకర తిరిగాయి. అప్పుడు చూపిస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతమని తేలింది. దానికి మందులున్నాయి, ముందే మొదలుపెడితే కీళ్లు పాడవకుండా చాలావరకు ఆపొచ్చు. ప్రతి నొప్పినీ జ్వరం ఖాతాలో వేసినా నష్టమే. మూడు నెలలకోసారి ఎవరైనా వచ్చి చేతులు చూసి ఉంటే, అమ్మ వేళ్లు మెల్లగా తేరుకుంటున్నాయని, చిన్నమ్మ వేళ్లు నానాటికీ వాస్తున్నాయని తేడా తెలిసేది.

ఎవరు అడగాలి? ఆశా అక్కలతో చేయిద్దాం అనడం తేలిక. ఇప్పటికే వాళ్ల నెత్తిన ఉన్న సర్వేలు చాలు. దీనికి వేరే డబ్బు ఇవ్వకుండా వాళ్ల మీద వేస్తే నేను ఒప్పుకోను. నాకు కనిపిస్తున్న దారి మెడికల్ కాలేజీలు. జాతీయ వైద్య కమిషన్ నిబంధన ప్రకారం ఎంబీబీఎస్ పిల్లలు మొదటి ఏడాది నుంచే ఊళ్లలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, చదువు సాగినన్నాళ్లు వాళ్ల ఆరోగ్యం చూడాలి. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి ఉంది. ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, రామగుండం, మంచిర్యాల, ఎటు పోయినా కాలేజీ ఉంది. ఎలాగూ ఏళ్ల పాటు అవే ఇళ్లకు పోతారు కాబట్టి, పాజిటివ్ వచ్చిన మనిషిని, పక్కింట్లో అదే వయసున్న, జ్వరం రాని మనిషిని కలిపి అడగమనండి. ప్రశ్నలు పెద్దవేం కాదు. పొద్దున లేచాక పిడికిలి బిగియడానికి ఎంతసేపు పడుతోంది, జ్వరానికి ముందు చేసే పనిలో ఇప్పుడు ఎంత చేస్తున్నారు, ఏ గోళీలు, ఏ సూదులు వాడుతున్నారు.

నోటి మాట నమ్మేదెలా అంటారు కొందరు. ల్యాబు మనిషిగా నాకూ ఆ అనుమానం వచ్చింది. కానీ లైమ్ తర్వాత మిగిలే ఇబ్బందిని గుర్తించడానికి అక్కడి నిపుణులు పెట్టుకున్న నిర్వచనంలోనే, మునుపు చేసే పనులు తగ్గిపోయి ఉండాలి అన్నది ఒక షరతు. పని తగ్గిందో లేదో మన దగ్గర ఎన్ని చోట్ల రాసి ఉందో ఆలోచించండి. బీడీ బుక్కులో ఉంది. ఉపాధి హామీ మస్టర్‌లో ఉంది. పాల కేంద్రంలో, ఎన్ని లీటర్లు పోశారో రాసే చీటీలో ఉంది.

అమ్మ బుక్కును నేను నెలల వారీగా కూడి చూశాను. కార్ఖానా వాళ్లు నెలలో పని రోజులు తగ్గించారు కాబట్టి, పని ఉన్న రోజులే లెక్కవేశాను. 2022 మార్చికి రోజుకు 340. ఆ వానాకాలంలో ముసురు పట్టిన వారాల్లో 250కి దిగింది. 2023 సంక్రాంతి దాటాక 400. 2024లో 520. ఆ తర్వాత అక్కడే ఆగింది. తునికాకు కత్తిరించడం బాగానే సాగుతోంది, చుట్టడమూ పర్వాలేదు, చివర మూతి మడిచే దగ్గర కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఇంకా సతాయిస్తున్నాయట. మిగతా 180 బీడీలు జ్వరం తిన్నదా, వయసు తిన్నదా? జ్వరం వచ్చినప్పుడు ఆమెకు 56, ఇప్పుడు అరవై. ఈ ఒక్క బుక్కు చూసి చెప్పలేను.

అందుకే మొన్న ఆదివారం ఊరికి పోయినప్పుడు పక్కింటికి వెళ్లాను. ఆ పెద్దమ్మది అమ్మ వయసే. అదే కార్ఖానా, అదే చాట, ఇద్దరూ ముప్పై ఏళ్లుగా ఒకే అరుగు మీద కూర్చుని చుడుతున్నారు.

"పెద్దమ్మా, నీ బీడీ బుక్కులు పాతయి ఉన్నయా?"

"నాయి ఎందుకు బిడ్డా? నాకు జొరమే రాలె గద."

"అందుకే పెద్దమ్మా, రానోళ్లయి కూడ గావాలె."

ఆమె నన్ను కాసేపు చూసి లోపలికి పోయింది. బియ్యం డబ్బా వెనక నుంచి రబ్బరు బ్యాండు వేసిన నాలుగు బుక్కులు తెచ్చి నా చేతిలో పెట్టింది. 2021 సెప్టెంబరు పేజీ తీశాను. 640, 650, 610. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. అమ్మ నా పక్కన కూర్చుని కళ్లద్దాలు పెట్టుకుంది, మేం ఇద్దరం ఆ బుక్కుల్లో ఒక్కో నెలా కూడడం మొదలుపెట్టాం.